మిర్చి కోల్డ్ స్టోరేజీ లెక్కలు క్లౌడ్‌కు మారితే: ఒక గుంటూరు కేస్ స్టడీ

గుంటూరు నుంచి చిలకలూరిపేట వైపు వెళ్లే హైవే పక్కన ఉన్న ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ తన సరుకు లెక్కలను సొంత కంప్యూటర్ మీంచి, చందా కట్టి నెట్ ద్వారా వాడుకునే సాఫ్ట్‌వేర్‌కు మార్చుకుంది. లెక్కలు అమ్మిన కంపెనీ సర్వర్లలో, అంటే క్లౌడ్‌లో ఉంటాయి. సాఫ్ట్‌వేర్ యాజ్ ఎ సర్వీస్, అందరూ అనే మాటలో సాస్. మార్చాలా వద్దా అన్న చర్చ, బేరాలు, మార్చాక ఒక సీజన్ నడిచిన తీరు ఇక్కడ రాస్తున్నాను. సంస్థ పేరు, సాఫ్ట్‌వేర్ కంపెనీల పేర్లు చెప్పను. రేట్లు గుండ్రంగా చేసి రాశాను.

చిన్న, మధ్య తరహా వ్యాపారాలకు ఏ సాఫ్ట్‌వేర్ పనికొస్తుందో చూసి, అమర్చి, సిబ్బందికి అలవాటు చేయడం నా పని. అమ్మే కంపెనీల దగ్గర కమిషన్ తీసుకోను. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. సాస్ గురించి సలహా చెప్పేవాళ్లలో చాలామంది ఏదో ఒక కంపెనీకి పార్ట్‌నర్లే. వాళ్ల స్లైడ్లలో లాభాలు పది ఉంటాయి, రిస్కులు మాత్రం చివరి స్లైడ్‌లో చిన్న అక్షరాల్లో కనిపిస్తాయి.

సంస్థ, దాని పాత లెక్క

ఒకే కుటుంబానికి రెండు వ్యాపారాలు. మిర్చి యార్డులో కమిషన్ దుకాణం ఉంది, అది పార్ట్‌నర్‌షిప్. హైవే మీద రెండు కోల్డ్ స్టోరేజీలున్నాయి, అవి ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ కింద నడుస్తాయి. పెద్దాయన యార్డు చూసుకుంటారు, స్టోరేజీలు వాళ్ల అబ్బాయి చూసుకుంటాడు. రెండింటికీ కలిపి ఒక పాత గుమాస్తా ఉన్నాడు. లెక్కల విషయంలో అసలు అధికారం ఆయనదే.

మిర్చి వ్యాపారంతో పరిచయం లేనివాళ్ల కోసం నాలుగు మాటలు. ఫిబ్రవరి నుంచి మే దాకా సరుకు జోరుగా దిగుతుంది. యార్డులో పలికిన ధర నచ్చని రైతు, ముందు ముందు రేటు పెరుగుతుందని నమ్మిన వ్యాపారి తిక్కీలను కోల్డ్ స్టోరేజీలో పెడతారు. తిక్కీ అంటే సుమారు 40 నుంచి 45 కిలోల బస్తా. లారీ గేటు దగ్గర ఆగుతుంది, కాటా వేస్తారు, ముఠా (హమాలీల బృందం) దించుతుంది. లాట్ నంబరు రాసి ఫలానా చాంబర్‌లో, ఫలానా అంతస్తులో పేరుస్తారు. రైతు చేతికి బాండు, అంటే సరుకు పెట్టినట్టు రసీదు ఇస్తారు. ఆ బాండు మీద బ్యాంకు అప్పిస్తుంది, ఒక్కోసారి స్టోరేజీ యజమానే ఇస్తాడు. తర్వాత ఆ లాట్‌లో కొంత అమ్ముడుపోతుంది. కొంత కదలకుండా అక్కడే ఉండి, పేరు మాత్రం మారుతుంది. మేలో యార్డుకు వేసవి సెలవులు ఇచ్చేనాటికి చాంబర్లు నిండిపోయి ఉంటాయి. అక్కడి నుంచి సరుకు రావడం తగ్గి, పోవడం మొదలవుతుంది.

అంటే ఈ వ్యాపారంలో సాఫ్ట్‌వేర్ చెప్పాల్సింది నాలుగే విషయాలు: సరుకు ఎవరిది, ఎన్ని తిక్కీలు, ఎక్కడుంది, దాని మీద అప్పెంత. ఇందులో ఏది తప్పినా గొడవే. ఒకే సరుకు మీద రెండుచోట్ల అప్పు పుట్టిందన్న మాట బయటకు పొక్కితే, ఆ స్టోరేజీ బాండ్లను బ్యాంకువాళ్లు మళ్లీ ముట్టుకోరు.

ఈ లెక్కంతా ఇన్నాళ్లూ ఫాక్స్‌ప్రో అనే పాత మైక్రోసాఫ్ట్ డేటాబేస్ భాషలో రాసిన ఒక ప్రోగ్రాం మీద నడిచింది. స్థానికంగా ఉన్న ఒక ప్రోగ్రామర్ చాలా ఏళ్ల కింద రాసిపెట్టాడు. దాన్ని తక్కువ చేసి మాట్లాడను, అది చాలా మంచి ప్రోగ్రాం. మౌస్ అక్కర్లేదు, గుమాస్తా స్క్రీన్ వంక చూడకుండానే ఎంటర్ కొట్టుకుంటూ లారీ మొత్తం ఎక్కించేసేవాడు. కానీ విజువల్ ఫాక్స్‌ప్రో చివరి వెర్షన్‌కు మైక్రోసాఫ్ట్ 2015 జనవరితోనే సపోర్టు ఆపేసింది. కరెంటు ఉన్నట్టుండి పోతే ఇండెక్స్ ఫైళ్లు చెడిపోయేవి, మళ్లీ కట్టుకునేదాకా బాకీల జాబితా వచ్చేది కాదు. రాసిన ప్రోగ్రామర్ హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిపోయాడు, ఆదివారాల్లో ఫోన్ ఎత్తితే ఎత్తినట్టు. రెండు స్టోరేజీల్లో రెండు వేరు వేరు కాపీలు. యార్డులో కూర్చున్న పెద్దాయనకు నిల్వ తెలియాలంటే గుమాస్తాకు ఫోన్ చేయాలి. బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఉండేది, ఆ పెన్‌డ్రైవ్ అదే బల్ల సొరుగులో ఉండేది.

ఇవన్నీ ఏళ్ల తరబడి ఉన్న ఇబ్బందులే, వాటి వల్ల ఎవరూ కదల్లేదు. కదిలించింది ఇన్సూరెన్సు. పాలసీ రెన్యువల్‌కు వచ్చిన సర్వేయర్ ఒక ప్రశ్న అడిగాడు: చాంబర్‌తో పాటు ఆఫీసు కూడా కాలిపోతే, లోపల ఎవరి తిక్కీలు ఎన్ని ఉన్నాయో దేన్నిబట్టి చెబుతారు? మన చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీలకు అగ్ని ప్రమాదాలు కొత్త కాదు. ఆ రోజు సాయంత్రమే వాళ్ల అబ్బాయి నాకు ఫోన్ చేశాడు.

ముందుగా పెద్దాయన అనుమానం

మొదటి సమావేశంలో పెద్దాయన సూటిగా అడిగారు. "మన పార్టీల లెక్కలు, మన అప్పులు ఎవడి కంప్యూటర్లోనో పెట్టడమేమిటయ్యా? రేపు వాడు ఇవ్వనంటే?"

"రైతులు తమ సరుకు మీ దగ్గర పెట్టట్లేదా బాబాయ్?" అన్నాను. "అయితే వాళ్లు ఊరికే పెట్టరు, బాండు తీసుకుంటారు. మనం సాఫ్ట్‌వేర్ కంపెనీ దగ్గర లెక్క పెట్టేటప్పుడు ఏం రాయించుకుంటామో అది చూద్దాం."

ఆయనకు ఆ మాట నచ్చింది. నాకైతే ఆ తర్వాతి పని అంతటికీ అదే దారి చూపింది. సాస్ మంచిదా, సొంత సర్వర్ మంచిదా అన్న వాదన ఎంతసేపు చేసినా తెగదు. ఒక్కో కంపెనీ ఏం రాసిస్తుంది, ఏం రాసివ్వదు అన్నది మాత్రం ఒక మధ్యాహ్నంలో తేలిపోతుంది.

ఆయన అనుమానం ఉత్తదేమీ కాదు. 2024 మేలో ఆస్ట్రేలియాలో యూనిసూపర్ అనే పెన్షన్ ఫండ్‌కు సంబంధించిన ప్రైవేట్ క్లౌడ్ మొత్తం గూగుల్ క్లౌడ్‌లో పొరపాటున తుడిచిపెట్టుకుపోయింది. ఆ ఫండ్ సభ్యులు 5 లక్షలకు పైనే, వారం దాకా తమ ఖాతాలు చూసుకోలేకపోయారు. వేరే కంపెనీ దగ్గర కూడా బ్యాకప్ ఉంచుకోవడం వాళ్లకు కలిసొచ్చింది. మన దేశంలో అదే ఏడాది జులై చివర్లో, చిన్న బ్యాంకులకు టెక్నాలజీ సేవలిచ్చే సీ-ఎడ్జ్ అనే సంస్థ మీద ర్యాన్‌సమ్‌వేర్ దాడి (డేటాకు తాళం వేసి డబ్బు అడిగే దాడి) జరిగితే, దేశంలో రిటైల్ చెల్లింపులు నడిపే ఎన్‌పీసీఐ దాన్ని చెల్లింపుల వ్యవస్థ నుంచి విడదీసింది. దాంతో దాదాపు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. ఆ బ్యాంకులు చేసిన తప్పేమీ లేదు, అందరూ ఒకే చూరు కింద ఉన్నారంతే. సాస్‌లో ఉన్న అసలు రిస్కు ఇదే: మన ఇంట్లో జరిగే ప్రమాదం తగ్గుతుంది, పక్కింటి ప్రమాదం మన ఇంటికి వస్తుంది.

రెండో వైపు కూడా చెప్పాలి. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్, ఆ చుట్టుపక్కల కాలనీలు మునిగినప్పుడు నాకు తెలిసిన ఒక డిస్ట్రిబ్యూటర్ గోడౌన్ కూడా మునిగింది. కంప్యూటర్లన్నీ నీళ్లలోకి పోయాయి. ఆయన బిల్లింగ్ సాస్‌లో ఉండబట్టి, బంధువుల ఇంట్లో ల్యాప్‌టాప్ తెరవగానే రావలసిన బాకీలు అన్నీ కనిపించాయి. కానీ సింగ్‌నగర్‌లోనే ఇరుక్కున్న ఆయన తమ్ముడికి కరెంటు లేదు, ఫోన్ సిగ్నల్ లేదు. లెక్క భద్రంగా ఉందన్న సంగతి ఆ తమ్ముడికి తెలియను కూడా తెలియదు.

ఏవేవి చూశాం

మూడు దారులు పరిశీలించాం. మొదటిది పాత ప్రోగ్రాంను కొత్త భాషలో తిరగరాయించి సొంత సర్వర్ మీద పెట్టడం. దీని గురించి ఎక్కువ రాయను. రాసేవాడు దొరికాడు, ఐదేళ్లపాటు చూసుకునేవాడు దొరకలేదు. రెండోది అన్ని రకాల గోదాములకూ పనికొచ్చే ఒక పెద్ద కంపెనీ సాస్. మూడోది ప్రత్యేకంగా కోల్డ్ స్టోరేజీల కోసమే తయారుచేసిన ఒక చిన్న కంపెనీ సాస్.

పెద్ద కంపెనీ షరతులు వెబ్‌సైట్‌లో ఉన్నవే, టిక్ పెట్టి ముందుకు వెళ్లడమే. ఒక్క అక్షరం మార్చమన్నా మార్చరు. పైగా వాళ్ల సాఫ్ట్‌వేర్‌లో సరుకు కదలకుండా యజమాని పేరు మారడమన్న ఊహే లేదు. ఆ పని చేయాలంటే సరుకు బయటకు పంపినట్టు ఒకటి, మళ్లీ లోపలికి వచ్చినట్టు ఒకటి ఎంట్రీ వేయాలి. చిన్న కంపెనీకి మిర్చి తెలుసు, తాలు (నాసి కాయ) తెలుసు, బాండు తెలుసు, మాట కూడా వింటుంది. కానీ మూడేళ్ల తర్వాత ఉంటుందో లేదో చెప్పలేం. వినేవాడు నిలబడతాడన్న నమ్మకం లేదు, నిలబడేవాడు వినడు. ఇక్కడ నేను చిన్న కంపెనీ వైపు మొగ్గాను. మూతపడితే ఏం చేయాలన్నది ముందే ఏర్పాటు చేసుకోవచ్చు. రోజుకు వందసార్లు వేసే ఎంట్రీ తప్పు పద్ధతిలో ఉంటే దానికి మందు లేదు.

ఖర్చు: సీజన్ ఎక్కడ, చందా ఎక్కడ

కంపెనీ చెప్పిన రేటు మనిషికి నెలకు 900 రూపాయలు, ఏడాది మొత్తం ముందే కట్టాలి. సీజన్‌లో రెండు గేట్లు, కాటాలు, ఆఫీసు, యార్డు దుకాణం అన్నీ కలిపి 14 లాగిన్లు కావాలి. 14 మందికి 12 నెలలంటే 1,51,200. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిపితే 1,78,416 రూపాయలు.

కానీ మే దాటాక ఆ సిస్టమ్ ముందు కూర్చునేది ఐదుగురే. మిగతా తొమ్మిది లాగిన్లకు ఎనిమిది నెలలు ఉత్తినే కడుతున్నట్టు లెక్క. సాస్ ధరలు ఏడాది పొడవునా ఒకే తీరున నడిచే ఆఫీసుల్ని దృష్టిలో పెట్టుకుని వేసినవి. మిర్చి, పత్తి, పసుపు, పొగాకు మీద బతికే మన ప్రాంతపు వ్యాపారాలకు అవి సరిపోవు. ఈ పాయింటు మీద గట్టిగా కూర్చున్నాం. చివరికి ఐదు లాగిన్లు ఏడాదికి, తొమ్మిది లాగిన్లు సీజన్ నాలుగు నెలలకు, సీజన్ లాగిన్‌కు నెలకు 1,100 చొప్పున ఒప్పుకున్నారు. అంటే 54,000, ఇంకో 39,600, మొత్తం 93,600. జీఎస్టీతో 1,10,448.

జీఎస్టీ గురించి ఒక మాట. "అది ఎలాగూ ఇన్‌పుట్ క్రెడిట్‌గా (మనం కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) వెనక్కి వస్తుంది కదండీ" అని అమ్మడానికి వచ్చిన అబ్బాయి చాలా ధీమాగా అన్నాడు. వాళ్ల ఆడిటర్‌ను అడిగితే, ఈ కంపెనీకి వచ్చే నిల్వ అద్దెలో ఎక్కువ భాగం వ్యవసాయ ఉత్పత్తుల నిల్వ కింద మినహాయింపులో చూపిస్తున్నదేనని చెప్పారు. మినహాయింపు ఆదాయం కోసం చేసిన కొనుగోళ్ల మీద క్రెడిట్ రాదు. కాబట్టి ఆ 18 శాతంలో చాలా వరకు అచ్చంగా ఖర్చే. వ్యవసాయం చుట్టూ ఉన్న సేవా సంస్థలు కొటేషన్లను పన్నుతో కలిపే పోల్చుకోవాలి.

పాత పద్ధతిలో ఖర్చు ఇంతకంటే తక్కువగా కనిపించేది. అప్పుడప్పుడు ప్రోగ్రామర్‌కు ఇచ్చే డబ్బు, నాలుగైదేళ్లకోసారి కంప్యూటర్లు. అందుకే సాస్ చవక అని నేను వాళ్లకు చెప్పలేదు. ఈ సంస్థకు అది ఖరీదైన దారే. ఏటా ధర ఎంత పెంచవచ్చో దానికి ఒక హద్దు మాత్రం పెట్టించాం: మూడేళ్ల వరకు ఏడాదికి 8 శాతానికి మించకూడదు. ఇది రాయించుకోకపోతే, లెక్కలన్నీ లోపలికి వెళ్లాక వాళ్లు చెప్పిందే రేటు.

గేటు దగ్గర నెట్ పోతే

ఒప్పందంలో 99.5 శాతం సమయం సర్వీసు అందుబాటులో ఉంటుందని రాశారు. వినడానికి బాగుంది. ఏడాదిలో మిగిలిన అర శాతమంటే దాదాపు 44 గంటలు. 99.9 శాతమైనా 8 గంటల 45 నిమిషాలు. ఆ గంటలు ఆగస్టులో వస్తే ఎవరూ గమనించరు. మార్చిలో రాత్రి పదింటికి, గేటు బయట లారీలు బారులు తీరి ఉన్నప్పుడు రెండు గంటలు పోయినా ముఠా ఖాళీగా కూర్చుంటుంది, లారీ డ్రైవర్లు హాల్టింగ్ (ఆగినందుకు డబ్బు) అడుగుతారు. అంతరాయానికి కంపెనీ ఇస్తానన్న పరిహారం ఆ నెల బిల్లులో 10 శాతం తగ్గింపు. సీజన్‌లో 14 లాగిన్ల నెల బిల్లు 14,400 అనుకుంటే 1,440 రూపాయలు. ఆ రాత్రి ముఠా టీ, టిఫిన్లకు కూడా చాలదు.

పరిహారం పెంచమని బేరమాడలేదు, అది దండగ. దాని బదులు రెండు విషయాలు అడిగాం. ఫిబ్రవరి నుంచి మే దాకా ముందస్తు మెయింటెనెన్స్ తెల్లవారుజామున తప్ప వేరే వేళ చేయకూడదు. సపోర్టు నంబరు ఆ నాలుగు నెలలు రాత్రి కూడా ఎత్తాలి. రెండూ ఒప్పుకున్నారు, ఈమెయిల్‌లో కాకుండా ఒప్పందంలోనే రాయించాం.

అసలు రక్షణ మాత్రం కాగితమే. గేటుకు ఒక అచ్చు పుస్తకం వేయించాం. అందులోని స్లిప్పులకు సిస్టమ్ ఇచ్చే నంబర్లతో కలవని వేరే వరస నంబర్లు ఉంటాయి. నెట్ పోయిందంటే వెంటనే పుస్తకంలోకి మారిపోవాలి, ఎవరి అనుమతీ అక్కర్లేదు. నెట్ వచ్చాక ఆ స్లిప్పు నంబరుతో సహా ఎక్కిస్తారు. మర్నాడు పొద్దున గుమాస్తా పుస్తకం వరసను సిస్టమ్‌లో ఉన్న వరసతో సరిపోల్చి సంతకం పెడతాడు. ఒక్క స్లిప్పు తగ్గినా తెలిసిపోతుంది. వేరే వరస లేకుండా తెల్ల కాగితాల మీద రాసుకుంటే, రెండోసారి ఎక్కించినవి, అసలు ఎక్కించనివి రెండూ సీజన్ చివర దాకా బయటపడవు.

సీజన్ మధ్యలో హైవే పక్కన తవ్వకాల్లో ఫైబర్ తెగింది. అప్పటికే రెండో కనెక్షన్‌గా వేరే కంపెనీ సిమ్‌తో 4జీ రౌటర్ పెట్టి ఉంచాం. అది ఆఫీసుకు సరిపోయింది, కాటా గది దాకా సిగ్నల్ అందలేదు. ఆ రాత్రి కాటా పుస్తకం మీదే నడిచింది. లారీ ఏదీ ఆగలేదు. మర్నాడు ఎక్కించడానికి గుమాస్తాకు పూట పట్టింది, ఆయన సణిగిన సణుగుడు వేరే లెక్క.

బయటకు వచ్చే దారి

నేను అన్నిటికంటే ఎక్కువ సమయం పెట్టింది దీని మీదే. చేరడానికి కంపెనీలు మనిషిని పంపి చేయి పట్టుకుని చేరుస్తాయి. వెళ్లిపోతామంటే ఏమిస్తాయన్నది చేరేముందే తేల్చుకోవాలి.

"మీ డేటా మీదే, ఎప్పుడైనా ఎక్సెల్‌లో తీసుకోవచ్చు" అన్నారు. సరే, తీసి చూపించండి అన్నాం. వచ్చింది నిల్వ రిపోర్టు: ఈ రోజు ఎవరివి ఎన్ని తిక్కీలున్నాయి అన్నది మాత్రమే. ఒక లాట్ ఏ తేదీన వచ్చింది, ఎప్పుడు పేరు మారింది, ఏ రోజు ఎన్ని తిక్కీలు ఏ గేటుపాస్ మీద వెళ్లాయి అన్న చరిత్ర అందులో లేదు. స్కాన్ చేసి పెట్టిన బాండ్లు లేవు. ఏ ఎంట్రీ ఎవరు దిద్దారన్న జాబితా లేదు. రైతు వచ్చి "నావి 60 తిక్కీలు, మీరు 52 అంటున్నారు" అని నిలదీస్తే, జవాబు ఉండేది ఈ లేని భాగంలోనే.

అందుకని ప్రతి నెలా మొత్తం డేటా, కదలికలు, దిద్దుబాట్లు, స్కాన్ ఫైళ్లతో సహా ఇవ్వాలని, పట్టికలు సాదా సీఎస్‌వీ (ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా తెరుచుకునే) రూపంలో ఉండాలని అడిగాం. మొదట అదనపు రుసుం అన్నారు, తర్వాత చందాలోనే కలిపారు. ఒప్పందం ముగిసినా, కంపెనీయే మూతపడినా, 90 రోజులపాటు డేటా తీసుకోనివ్వాలి. ఆ తర్వాత తమ దగ్గర తుడిచేసినట్టు లిఖితంగా ఇవ్వాలి.

డేటా ఇస్తే సరిపోదు, దానితో లెక్క కుదరాలి. నేను పెట్టుకున్న పరీక్ష ఇది: ఆ ఫైళ్లు తప్ప ఇంకేమీ చూడకుండా, ఏవో కొన్ని పార్టీల నిల్వను మొదటి నుంచి కూడుకుంటూ రావాలి, సిస్టమ్ చూపించే అంకెతో అది సరిపోవాలి. మొదటిసారి సరిపోలేదు. తిక్కీల మొత్తం సరిగ్గానే ఉంది, తేదీల వారీగా చూస్తే తేడా. కొన్ని లాట్లు గేటు పుస్తకంలో ఉన్న తేదీకి ఒక రోజు ముందే వచ్చినట్టు కనిపించాయి.

ఆ లాట్లన్నీ వేరుచేసి చూస్తే సంగతి అర్థమైంది. అవన్నీ అర్ధరాత్రి పన్నెండు దాటాక, తెల్లవారుజామున ఐదున్నర లోపు దిగినవి. సర్వర్ సమయాన్ని యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయంలో) రాసుకుంటుంది, మన సమయం దానికంటే ఐదున్నర గంటలు ముందుంటుంది. స్క్రీన్ మీద చూపించేటప్పుడు మన సమయానికి మార్చి చూపిస్తున్నారు, ఎగుమతి ఫైల్లో మార్చకుండా వదిలేశారు. పగలు పనిచేసే గోదాము అయితే ఈ తేడా ఏళ్ల తరబడి బయటపడేది కాదు. మిర్చి లారీలు రాత్రిళ్లు వస్తాయి కాబట్టి బయటపడింది. ఒక్క రోజే కదా అనుకోవచ్చు. కానీ నెలాఖరున బ్యాంకుకు ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంటులో ఒకటో తేదీ తెల్లవారుజామున దిగిన సరుకు ముందు నెలలో కలిసిపోతుంది. డ్రాయింగ్ పవర్, అంటే బ్యాంకు ఎంతవరకు అప్పు వాడుకోనిస్తుందన్నది, లెక్కకట్టేది దాని మీదే. కంపెనీవాళ్లు వారంలో సరిచేశారు. చిన్న కంపెనీ కావడం వల్ల కోడ్ రాసిన మనిషే ఫోన్లో మాట్లాడాడు. పెద్దచోట అయితే టికెట్ నంబరు ఒకటి వచ్చేది.

ఆ నెలవారీ ఫైళ్లు ఇప్పుడు రెండు చోట్లకు వెళ్తున్నాయి. ఒకటి యార్డు దుకాణంలో ఉన్న హార్డ్‌డిస్క్. రెండోది వేరే కంపెనీ క్లౌడ్ స్టోరేజీ. హార్డ్‌డిస్క్‌ను కాపీ అయ్యాక ఊడదీసి బీరువాలో పెట్టాలి. ఎప్పుడూ తగిలించి ఉంచితే, ర్యాన్‌సమ్‌వేర్ వచ్చిన రోజు అది కూడా పోతుంది.

తాళాలు ఎవరి దగ్గర

సాస్ భద్రత అనగానే అందరూ హ్యాకర్లను తలుచుకుంటారు. యార్డు వ్యాపారంలో భయం వేరు. ఏ పార్టీ ఎంత సరుకు దాచాడు, ఎవరికి ఎంత అప్పు ఉంది అన్నది పక్క దుకాణానికి తెలిస్తే చాలు. పాత కంప్యూటర్ కాలంలో ఆ జాబితా కావాలంటే ఆఫీసులోకి రావాలి. ఇప్పుడు పని మానేసిన కుర్రాడి ఫోన్లో లాగిన్ బతికే ఉంటే చాలు.

మొదట్లో గేటు దగ్గర అందరూ ఒకే లాగిన్‌తో పనిచేద్దామన్నారు, డబ్బు మిగులుతుందని. వద్దన్నాను. తప్పు ఎంట్రీ ఎవరిదో తేలకపోతే ఆ నింద చివరికి ముఠా మేస్త్రి మీద పడుతుంది, దాంతో గొడవలు మొదలవుతాయి. గేటు లాగిన్‌కు ఎంట్రీ వేసే వీలు మాత్రమే ఇచ్చాం. బాకీలు, అప్పులు వాళ్లకు కనపడవు. జాబితా మొత్తం దించుకునే అధికారం ఇద్దరికే ఉంది.

ఇంకో చిక్కు మొదటి వారంలోనే తెలిసింది. అడ్మిన్ ఖాతాను వాళ్ల అబ్బాయి తన సొంత జీమెయిల్‌తో, సొంత నంబరుతో తెరిచాడు. ఓటీపీ ఆయన ఫోన్‌కే వస్తుంది. ఆయన పెళ్లికి వెళ్లి ఫోన్ సైలెంట్‌లో పెడితే ఆఫీసులో పాస్‌వర్డ్ మార్చే దిక్కు లేదు. కుటుంబ వ్యాపారంలో ఇది మామూలు విషయంగా కనిపిస్తుంది. రేపు అన్నదమ్ములు వాటాలు పంచుకుంటే, చట్టప్రకారం కంపెనీ ఎవరిదైనా, సాఫ్ట్‌వేర్ కంపెనీ దృష్టిలో యజమాని ఆ జీమెయిల్ ఎవరిదో వాళ్లే. కంపెనీ డొమైన్ మీద మెయిల్ తెరిపించి, ఇద్దరు అడ్మిన్లను పెట్టి, ఓటీపీకి బదులు లాగిన్ కోడ్ ఫోన్లోనే తయారుచేసే ఆథెంటికేటర్ యాప్ పెట్టించాం. పెద్దాయన మాత్రం తనకు అడ్మిన్ వద్దన్నారు. "నాకు కనిపిస్తే చాలు, దిద్దే అధికారం నాకెందుకు" అన్నారు. నేను చూసిన యజమానుల్లో ఈ మాట అన్నవాళ్లు తక్కువ.

చట్టం అడిగేవి

కోల్డ్ స్టోరేజీ ప్రైవేట్ లిమిటెడ్ కాబట్టి కంపెనీల అకౌంట్స్ నిబంధనలు వర్తిస్తాయి. లెక్కల పుస్తకాల బ్యాకప్ భారత్‌లో ఉన్న సర్వర్‌లో, 2022 ఆగస్టు సవరణ ప్రకారం రోజూ జరగాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఎవరు ఏమి ఎప్పుడు దిద్దారన్న ఎడిట్ లాగ్ ఉండాలి, దాన్ని ఆపేసే వీలు ఉండకూడదు. అకౌంట్లు టాలీ అనే అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే ఉంచేశాం, అక్కడ పని బాగానే జరుగుతోంది, దాన్ని కదపడానికి నాకు కారణం కనిపించలేదు. అయినా అద్దె బిల్లులు పుట్టేది ఈ సాస్‌లోనే కాబట్టి, సర్వర్లు ముంబయిలో ఉన్నాయని లేఖ తీసుకున్నాం. జీఎస్టీ రికార్డులను వార్షిక రిటర్న్ గడువు తేదీ నుంచి 72 నెలలు ఉంచాలి. మూడేళ్ల చందా ముగిశాక కూడా ఆ బాధ్యత మనదే, నెలవారీ ఫైళ్లు అక్కడా పనికొస్తాయి.

రైతుల ఆధార్ కాపీల విషయంలో మాత్రం నేను మొండిగా ఉన్నాను. బాండుతో పాటు ఆధార్, పాస్‌బుక్ స్కాన్ చేసి ఎక్కించే వీలు సాఫ్ట్‌వేర్‌లో ఉంది. గుమాస్తాకు అది భలే నచ్చింది. 2023 డేటా రక్షణ చట్టం ప్రకారం వేరే కంపెనీ చేత పని చేయించుకున్నా బాధ్యత డేటా సేకరించినవాళ్లదే. భద్రతలో లోపానికి జరిమానా 250 కోట్ల వరకు ఉండొచ్చని చట్టం చెబుతుంది. అంత పెద్ద జరిమానా ఒక కోల్డ్ స్టోరేజీకి వేస్తారని కాదు. పేరు, ఊరు, ఫోన్ నంబరు ఉంటే సరుకు దించడానికి, ఎత్తడానికి సరిపోయేచోట ఆధార్ కాపీ ఎందుకు పోగేయడం? ఆ మీట ఆపించేశాం.

సీజన్ అయ్యాక

లాభం ముందుగా కనిపించింది బ్యాంకు పనిలో. నెలాఖరు స్టాక్ స్టేట్‌మెంటు కోసం రెండు స్టోరేజీల లెక్కలు కలపడానికి రెండు రోజులు పట్టేది, ఇప్పుడు అదే రోజు సాయంత్రానికి వెళ్తోంది. పెద్దాయన యార్డులో వేలం పాట నడుస్తుండగానే ఫోన్లో నిల్వ చూసుకుని మాట్లాడుతున్నారు. ఇన్సూరెన్సు సర్వేయర్‌కు ఆయన అడిగిన జాబితా ఎదురుగానే తీసి చూపించారు. లాట్ పేరు మార్చినప్పుడు దాని మీద అప్పు ఉంటే సిస్టమ్ ఒప్పుకోవడం లేదు. పాత ప్రోగ్రాంలో ఆ అడ్డు గుమాస్తా జ్ఞాపకశక్తిలో మాత్రమే ఉండేది.

నష్టం కూడా ఉంది, దాన్ని ఎవరూ కొటేషన్లో రాయరు. లారీ ఎంట్రీ నెమ్మదించింది. ఎంటర్ కొట్టుకుంటూ పోయే చేతికి ఇప్పుడు మౌస్ పట్టుకుని డబ్బాల్లో నొక్కాల్సి వస్తోంది, ప్రతి నొక్కుడుకూ సర్వర్ నుంచి జవాబు వచ్చేదాకా ఆగాలి. ఒక్కో లారీకి పోయేది కొద్ది సమయమే, రద్దీ రాత్రుల్లో అదే గేటు దగ్గర బారు అవుతుంది. కీబోర్డు షార్ట్‌కట్లు ఇస్తామని కంపెనీ చెప్పింది, కొన్ని ఇచ్చింది. సీజన్ నడుస్తుండగా ఒకరోజు పొద్దున్నే స్క్రీన్ రూపం మారిపోయి ఉంది, ముందు చెప్పలేదు. గేటు కుర్రాళ్లు "బటన్ ఏదన్నా?" అని ఫోన్ల మీద ఫోన్లు. సొంత ప్రోగ్రాం మనం మార్చేదాకా మారదు. ఇది వాళ్లకు అనిపించినప్పుడు మారుతుంది. మార్పులకు పదిహేను రోజుల ముందు నోటీసు ఇవ్వాలని, సీజన్‌లో స్క్రీన్లు కదపకూడదని ఈ రెన్యువల్‌లో రాయిస్తున్నాం.

పాత ఫాక్స్‌ప్రో కంప్యూటర్‌ను తీసేయలేదు. నెట్ కనెక్షన్ పీకేసి, పాత ఏళ్ల లెక్కలు చూసుకోవడానికి పక్కన ఉంచారు. పాత బాకీల తగువులు వచ్చినప్పుడు గుమాస్తా ఇప్పటికీ దాని ముందే కూర్చుంటాడు.

ఇప్పటిదాకా మారింది ఒక స్టోరేజీ పూర్తిగా, రెండోది ఆఫీసు వరకు. రెండోదాని గేటు, కాటా కూడా ఈ జనవరికి మార్చేయాలని వాళ్ల అబ్బాయి తొందరపడుతున్నాడు. నెట్ లేకపోయినా కాటా ఎంట్రీ ఫోన్లోనే నిలిచి, తర్వాత దానంతటదే ఎక్కే ఏర్పాటు యాప్‌లో వచ్చాకే అన్నాను. చేస్తామని కంపెనీ అంటోంది. ఏ తేదీకి అన్నది ఒప్పందంలో రాయమంటే మాత్రం ఇంకా జవాబు రాలేదు.